గెలిచినందుకు రేటింగ్ కోతా? తెరచాప పడవల పందేల్లో హ్యాండికాప్ న్యాయం గురించి

సరస్సుగాలి (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను అమెరికాలో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉంటున్నాను. ఆరేళ్లుగా ఒక మిత్రుడి ముప్పై అడుగుల తెరచాప పడవలో ముందుభాగం పని చూస్తున్నాను. స్పినేకర్ (గాలి వెంట వెళ్లేటప్పుడు ముందు ఎత్తే పెద్ద తెరచాప) ఎత్తడం, దించడం, అది చిక్కుపడితే తిట్లు తినడం నా బాధ్యతలు. వేసవిలో ప్రతి బుధవారం సాయంత్రం మా క్లబ్బు పందెం జరుగుతుంది. పది పడవలు వస్తాయి, ఏ రెండూ ఒక రకానివి కావు. అందువల్ల పీహెచ్‌ఆర్‌ఎఫ్ పద్ధతిలో ప్రతి పడవకూ ఒక రేటింగ్ ఇస్తారు. తెలియనివారి కోసం చెబుతున్నాను: ఆ అంకె మైలుకు ఇన్ని సెకన్లు అని సూచిస్తుంది, అంకె పెరిగేకొద్దీ పడవ నెమ్మదైనదని అర్థం. రేటింగును పందెం దూరంతో గుణించి, వచ్చిన సెకన్లను పడవ నిజంగా తీసుకున్న సమయంలోంచి తీసివేస్తే మిగిలేది లెక్కకు వచ్చే సమయం.

మా పడవ రేటింగ్ మొన్నటిదాకా 132. గత ఏడాది చివర యజమాని అప్పు చేసి కొత్త తెరచాపలు కొన్నాడు, పడవ అడుగు గీకించి నున్నగా రంగు వేయించాడు. మంచు కరిగినప్పటి నుంచి ప్రతి ఆదివారం అందరం సాధన చేశాం. ఫలితంగా ఈ ఏడాది మొదటి అయిదు పందేల్లో మూడు గెలిచాం. వెంటనే క్లబ్బు రేటింగ్ కమిటీ కూర్చుని మా అంకెను 126కు దించింది. కారణం అడిగితే "ఫలితాలను బట్టి" అని ఒక్క ముక్క చెప్పారు. తర్వాతి పందెం పన్నెండు మైళ్లది. 84 రేటింగ్ ఉన్న ఒక పెద్ద పడవ చేతిలో 41 సెకన్ల తేడాతో ఓడిపోయాం. పాత అంకె ఉండి ఉంటే మైలుకు ఆరు సెకన్ల చొప్పున 72 సెకన్లు కలిసివచ్చి, 31 సెకన్లతో మేమే గెలిచేవాళ్లం. కమిటీలోని అయిదుగురిలో ఒకరు ఆ పెద్ద పడవ యజమాని అన్న సంగతి కూడా చెప్పాలి.

రేటింగ్ అనేది పడవకు ఇచ్చేదా, అందులో కూర్చున్న మనుషులకు ఇచ్చేదా? సాధన చేసినందుకు మమ్మల్ని శిక్షించినట్టు నాకు అనిపిస్తోంది. పెద్దలు చెప్పాలి.

పాతచుక్కాని

సరస్సుగాలి గారూ, మీ బాధ అర్థమైంది. నేను చెసపీక్ అఖాతం వైపు ఉంటాను, అక్కడ ఎనిమిదేళ్లు ఇటువంటి కమిటీలోనే కూర్చున్నాను, కనుక బల్లకు అవతలివైపు నుంచి మాట్లాడతాను.

పీహెచ్‌ఆర్‌ఎఫ్ దక్షిణ కాలిఫోర్నియాలో పుట్టింది. పేరులోని మొదటి అక్షరం మొదట్లో పసిఫిక్‌ను సూచించేది, దేశమంతా పాకిన తర్వాత "పెర్ఫార్మెన్స్" అయింది. దీనిలో కొలతల సూత్రం అంటూ ఏదీ లేదు. కొత్త రకం పడవ వస్తే దాని పొడవు, బరువు, తెరచాపల వైశాల్యం చూసి, దగ్గర పోలికలున్న పడవల రేటింగులు చూసి ఒక అంకె వేస్తారు. తర్వాత పందేల ఫలితాలు చూస్తూ మూడు సెకన్ల మెట్లలో సవరిస్తారు. మూలసూత్రం మాత్రం స్పష్టంగా ఉంది: ఆ రకం పడవను బాగా సిద్ధం చేసి, బాగా నడిపితే ఎంత వేగం వస్తుందో దానికే రేటింగ్. పాచి పట్టిన అడుగుకూ, సాగిపోయిన తెరచాపకూ, నిద్రమొహం చుక్కానిదారుకూ రాయితీ లేదు. ఆ లెక్కన మీ యజమాని కొత్త తెరచాపలు కొన్నందుకు మీ అంకె మారనే కూడదు, ఎందుకంటే పాత 132 కూడా కొత్త తెరచాపలు ఉన్నాయనుకునే ఇచ్చినది.

ఇది కాగితం మీది మాట. ఆచరణలో కమిటీ ముందు ఉండేది ఫలితాల పట్టిక ఒక్కటే. పట్టికలో పడవ వేగమూ, మనుషుల నేర్పూ పాలూ నీళ్లలా కలిసిపోయి ఉంటాయి. వాటిని వేరు చేసే హంస మా కమిటీలో ఎన్నడూ లేదు. మేము కూడా తప్పులు చేశాం. ఒక యజమాని మూడేళ్లు వరుసగా గెలిచాడని తొమ్మిది సెకన్లు కోశాం. నాలుగో ఏడు అతను పడవ అమ్ముకుని వెళ్లిపోయాడు, దాన్ని కొన్న పెద్దమనిషి రెండేళ్లు చివరి స్థానంలో వచ్చాడు. ఆ తొమ్మిది సెకన్లూ మేము పడవ నుంచి కాక పాత యజమాని బుర్ర నుంచి కోశామని అప్పుడు అర్థమైంది.

పోటీదారుడే కమిటీలో ఉండటం మాత్రం వేరే విషయం. చిన్న క్లబ్బుల్లో పడవల గురించి తెలిసినవారు పోటీపడేవారే కాబట్టి అది తప్పదు. తనతో పోటీపడే పడవ విషయం వచ్చినప్పుడు ఆయన లేచి బయటికి వెళ్లారా లేదా అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న.

లెక్కలమాస్టారు

రెండు విషయాలు విడదీసి చూద్దాం.

మొదటిది, మీ మూడు గెలుపులు. పది పడవలూ రేటింగు తర్వాత సరిసమానమే అనుకుంటే, ఒక నిర్దిష్టమైన పడవ కేవలం అదృష్టం వల్ల అయిదు పందేల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువ గెలిచే అవకాశం ఒక శాతం కన్నా తక్కువ. కనుక మీ గెలుపులు గాలివాటుగా వచ్చినవి కావు, మీరు నిజంగానే మిగతావారికంటే వేగంగా వెళ్లారు. అయితే ఆ వేగం పడవదా మీదా అన్న ప్రశ్నకు ఈ లెక్కలో జవాబు లేదు. ఆ జవాబు కావాలంటే మీ పడవలాంటివే ఇతర క్లబ్బుల్లో, ఇతర మనుషుల చేతిలో ఎలా నడుస్తున్నాయో చూడాలి. ఇతర ప్రాంతాల్లో కూడా ఆ రకానికి 132 దరిదాపుల్లోనే అంకె ఉండి, అక్కడ అవి మామూలుగా మధ్యస్థంగా వస్తూ ఉంటే, మీ కమిటీ కోసింది మీ సాధననే.

రెండోది అంతకంటే ముఖ్యమైనది. మీరు ఆ అంకెను వాడుతున్న తీరులోనే ఒక వంకర ఉంది. 132, 84 పడవల మధ్య పన్నెండు మైళ్లకు మీకు దక్కే రాయితీ 576 సెకన్లు, అంటే 9 నిమిషాల 36 సెకన్లు. గాలి గట్టిగా వీచి పెద్ద పడవ గంటన్నరలో ముగించినా అంతే, గాలి పడిపోయి మూడు గంటలు పట్టినా అంతే. కానీ పందెం సాగేకొద్దీ రెండు పడవల మధ్య నిజమైన ఎడం కూడా సాగుతుంది కదా!

అందుకే చాలా క్లబ్బులు దూరాన్ని వదిలి సమయాన్ని గుణించే పద్ధతి వాడతాయి. 650ని, 550కి రేటింగు కలిపి వచ్చిన మొత్తంతో భాగిస్తే ఒక గుణకం వస్తుంది. 132కు అది 0.953, 84కు 1.025. పడవ తీసుకున్న సమయాన్ని దీనితో గుణిస్తారు. ఇప్పుడు అదే పందెం చూడండి: పెద్ద పడవకు గంటన్నర పడితే మీ రాయితీ సుమారు 409 సెకన్లు, రెండు గంటలైతే 545, మూడు గంటలైతే 818. దూరం పద్ధతిలో ఈ మూడు రోజులకూ 576 సెకన్లే. గాలి లేని సాయంత్రం మీకు నాలుగు నిమిషాలు నష్టం, గాలి గట్టిగా ఉన్న సాయంత్రం దాదాపు మూడు నిమిషాలు లాభం.

మీరు గెలిచిన మూడు పందేలూ గట్టి గాలిలోనివా? ఓడినది మెత్తని గాలిలోనా?

సరస్సుగాలి

మాస్టారూ, మీరు చూసినట్టే చెప్పారు. మూడు గెలుపులూ మే, జూన్ నెలల్లో 15 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) పైచిలుకు గాలిలో వచ్చాయి. ఓడిన రోజు గాలి 6, 7 నాట్లు. పెద్ద పడవకు రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. ఇది ఇంతవరకూ నాకు తట్టలేదు.

లెక్కలమాస్టారు

అయితే సమయం పద్ధతిలో లెక్కకట్టండి. పెద్ద పడవ 9600 సెకన్లు తీసుకుంటే, కొత్త రేటింగు 126తో కూడా మీకు రాయితీ సుమారు 636 సెకన్లు వచ్చేది. దూరం పద్ధతిలో వచ్చింది 504. అంటే కమిటీ మీ నుంచి 72 సెకన్లు తీసుకుంటే, లెక్కకట్టే పద్ధతి ఆ రోజు 132 సెకన్లు తీసుకుంది. మీ పోట్లాట తప్పు గుమ్మం ముందు జరుగుతోంది. మీరు గట్టి గాలిలో గెలిచిన మూడింటిలో ఇదే లెక్క మీకు ఎంత కలిసివచ్చిందో కూడా నిజాయితీగా వేసి చూసుకోండి.

సోలెంట్‌వాసి

ఇంగ్లండ్ నుంచి పలకరింపు. ఇక్కడ మీ గొడవకు ఇంకొక పొర ఉంది, అది ఆటుపోట్ల ప్రవాహం. సోలెంట్ జలసంధిలో రెండు నాట్ల ఎదురు ప్రవాహం మామూలు సంగతి. ఆరు నాట్లతో పోయే పడవకూ అయిదు నాట్లతో పోయే పడవకూ నిశ్చల జలంలో నిష్పత్తి 1.20. ఎదురు ప్రవాహంలో అవి నేలను బట్టి నాలుగు, మూడు నాట్లతో కదులుతాయి, నిష్పత్తి 1.33 అవుతుంది. ప్రవాహం వెంట వెళితే ఎనిమిది, ఏడు, అంటే 1.14. పడవలు మారలేదు, మనుషులు మారలేదు, చంద్రుడు మారాడు. చంద్రుడికి రేటింగు ఇచ్చే కమిటీ ఇంకా ఏర్పడలేదు.

చిన్న పడవలకు మా దగ్గర పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అనే పద్ధతి ఉంది. జాతీయ సంస్థ ఆర్‌వైఏ 1950 దశకం మొదట్లో దీన్ని స్వీకరించింది. తీసుకున్న సమయాన్ని వెయ్యితో గుణించి పడవ అంకెతో భాగిస్తారు. ఒక్కరే నడిపే లేజర్ పడవకు అది సుమారు 1100, నీటి మీద ఎగిరిపోతున్నట్టుండే ఫార్టీనైనర్ (49er) పడవకు 700 దరిదాపు. క్లబ్బులు పంపే ఫలితాల నుంచే ఈ అంకెలు తయారవుతాయి, ఏటా సవరిస్తారు. ఇక్కడ మెచ్చుకోదగిన విషయం ఏమిటంటే, జాతీయ అంకె మీ నీటికి సరిపడకపోతే మార్చుకోమని క్లబ్బులకే చెబుతారు. చెట్ల మధ్య చెరువులో ఫార్టీనైనర్ మలుపులు తిరగడానికే అలసిపోతుంది, అదే పడవ తెరిచిన సముద్రంలో అందరినీ మింగేస్తుంది. ఒక్క అంకె రెండు చోట్లా నిజం కాలేదు.

పెద్ద పడవలకు మాత్రం ఐఆర్‌సీ అనే పద్ధతి. బ్రిటన్‌లోని ఆర్‌ఓఆర్‌సీ, ఫ్రాన్స్‌లోని యూఎన్‌సీఎల్ అనే సముద్ర పందేల క్లబ్బులు కలిసి 1980లలో ఛానల్ హ్యాండికాప్ అనే పేరుతో మొదలుపెట్టిన పద్ధతి ఇది, 1999లో ఐఆర్‌సీ అయింది. పొడవు, బరువు, లోతు, తెరచాపల కొలతలు ఇస్తే ఒక గుణకం వస్తుంది. ఎవరి గెలుపోటములనూ అది చూడదు. సరస్సుగాలి గారు కోరుతున్నది ఇదే అనుకుంటాను.

పారదర్శి

సోలెంట్‌వాసి గారు ఒక మాట దాటవేశారు. ఐఆర్‌సీ సూత్రం రహస్యం. నా పడవకు ఫలానా గుణకం ఎందుకు వచ్చిందో నాకు చెప్పరు. చుక్కాని మార్చాలన్నా, స్పినేకర్ చిన్నది చేయాలన్నా ఎంత కలిసివస్తుందో తెలుసుకోవడానికి రుసుము కట్టి ప్రయోగాత్మక ధ్రువపత్రం తెప్పించుకోవాలి. తీర్పు చెప్పి, కారణం చెప్పనంటే దాన్ని న్యాయం అంటారా? సరస్సుగాలి గారి కమిటీ కనీసం "ఫలితాలను బట్టి" అన్నా చెప్పింది.

సోలెంట్‌వాసి

దాటవేయలేదు, వస్తున్నాను. ఆ రహస్యానికి ఒక చరిత్ర ఉంది. 1970లలో సముద్ర పందేలకు ఐఓఆర్ అనే బహిరంగ సూత్రం రాజ్యమేలింది. అందరూ చదువుకోగలిగే సూత్రం కనుక పడవల రూపకర్తలు దాన్ని పరీక్షకు ముందు ప్రశ్నపత్రం దొరికిన విద్యార్థుల్లా చదివారు. కొలత తీసే చోట పడవ పక్కన బొడిపెలు మొలిచాయి, ఎందుకంటే అక్కడ వెడల్పు ఎక్కువుంటే పడవ నెమ్మదైనదిగా లెక్కకు వస్తుంది. వెనుకభాగం గరిటె కాడలా సన్నబడింది. నిలకడ ఎక్కువుంటే ఆ సూత్రం దాన్ని వేగానికి గుర్తుగా లెక్కవేసి శిక్షించేది కనుక, నిలకడ తక్కువున్న పడవలు కట్టడం లాభసాటి అయింది. 1979లో ఫాస్ట్‌నెట్ అనే సుదూర సముద్ర పందెంలో 303 పడవలు బయలుదేరితే, తుఫానులో 15 మంది పోటీదారులు మరణించారు. ఆ గాలికి ఏ పడవైనా కష్టపడేదే, నెపమంతా సూత్రం మీద వేయడం సరికాదు. కానీ తేలికగా, వెడల్పుగా కట్టిన పడవలు తలకిందులైతే తిరిగి లేవడానికి ఎందుకు తటపటాయిస్తున్నాయన్న ప్రశ్న ఆ తర్వాత గట్టిగానే వినిపించింది.

ఐఆర్‌సీ సూత్రాన్ని దాచడానికి కారణం అదే. సూత్రం తెలియకపోతే సూత్రం కోసం పడవ కట్టలేరు, మంచి పడవ కట్టుకుంటారు అన్నది వారి ఆశ.

పారదర్శి

ఆశ మంచిదే. కానీ డబ్బున్నవాడు అయిదారు ప్రయోగాత్మక ధ్రువపత్రాలు తెప్పించుకుని సూత్రం అంచులు తడిమి తెలుసుకుంటాడు, లేనివాడికి అది చీకటిగది. రహస్యం అందరికీ సమానంగా రహస్యం కాదు.

దీనికి మరో దారి ఓఆర్‌సీ అనే పద్ధతి. 1970లలో అమెరికాలోని ఎంఐటీలో ప్రాట్ ప్రాజెక్టు అనే పరిశోధన జరిగింది. పడవ పొట్ట ఆకారాన్ని కొలిచి, నీటి నిరోధాన్నీ, తెరచాప బలాన్నీ తూచి, ఏ గాలిలో ఏ కోణంలో ఎంత వేగం వస్తుందో కంప్యూటరు చేత చెప్పించారు. అక్కడి నుంచి ఎంహెచ్ఎస్, 1985 నుంచి ఐఎంఎస్, ఇప్పటి ఓఆర్‌సీ అనే పద్ధతులు వరసగా వచ్చాయి. సూత్రాలు బహిరంగం. ధ్రువపత్రం మీద ఒక్క అంకె కాక ఒక పట్టిక ఉంటుంది: మెత్తని గాలి మొదలుకొని గట్టి గాలి దాకా ఒక్కో గాలికి ఎదురుగా వెళితే ఇంత, అడ్డంగా వెళితే ఇంత, వెంట వెళితే ఇంత అని. సరస్సుగాలి గారి పడవ 15 నాట్లలో ఒక పడవ, 6 నాట్లలో మరో పడవ అని లెక్కలమాస్టారు చెప్పారు కదా, ఓఆర్‌సీ ఆ ఇద్దరికీ వేర్వేరు రేటింగులు ఇస్తుంది.

పాతచుక్కాని

ఆ పట్టికలో ఏ వరస వాడాలో ఎవరు నిర్ణయిస్తారు? పందెం నిర్వాహకుడు. గాలి 8 నాట్లతో మొదలై 14తో ముగిసిన రోజున ఆయన "మధ్యస్థ గాలి" అని ప్రకటిస్తే, రేవులో మీరు చేసే గొడవ ఇక్కడ చేస్తున్నదానికి ఏమాత్రం తీసిపోదు. కమిటీ గదిలో ఉన్న తగవు గట్టు మీదికి వస్తుంది, అంతే. ఐఆర్‌సీ, ఓఆర్‌సీ వారు రాజీపడి 2018లో ద హేగ్‌లో ప్రపంచ పోటీని రెండు లెక్కలూ కలిపి నిర్వహించారు. ఒక్కటే నిజమైన లెక్క ఉండి ఉంటే ఆ అవసరం వచ్చేది కాదు.

సాగర్‌లేజర్

హైదరాబాదు నుంచి రాస్తున్నాను. హుస్సేన్‌సాగర్‌లో పదేళ్లుగా లేజర్ నడుపుతున్నాను. మీ చర్చంతా చదివాక ఒక సందేహం కలిగింది. ఇన్ని తంటాలు ఎందుకు? మా హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో ఒక తరగతిలో అందరి పడవా ఒకటే, తెరచాపా ఒకటే. ముందు వచ్చినవాడు గెలిచినట్టు, వెనక వచ్చినవాడు ఇంటికెళ్లి ఆలోచించుకున్నట్టు. రేటింగులు, గుణకాలు, సెకన్లు ఏవీ ఉండవు.

సోలెంట్‌వాసి

సాగర్‌లేజర్ గారూ, మీ బరువు ఎంతో అడగవచ్చా?

సాగర్‌లేజర్

62 కిలోలు. ప్రశ్న ఎటు పోతోందో అర్థమైంది. జూలైలో పడమటి గాలి గట్టిగా వీచిన రోజున 80 కిలోల సైనిక జవాను పడవ అంచున వాలి కూర్చుంటే అతని లేజర్ నిటారుగా దూసుకుపోతుంది, నాది పక్కకు ఒరిగి గాలిని ఒలకబోస్తుంది. అందుకే నేను పెద్ద తెరచాపలో, అంటే లేజర్ ఇప్పటి పేరు ప్రకారం 7.06 చదరపు మీటర్ల ఐఎల్‌సీఏ 7లో, నెగ్గుకురాలేక 5.76 ఉన్న ఐఎల్‌సీఏ 6కు మారాను. గాలి పడిపోయిన రోజు నా తేలికదనమే నాకు వరం. ఒప్పుకుంటున్నాను, పడవలు ఒకటైనంత మాత్రాన అన్నీ ఒకటి కావు. కానీ నా బరువుకు నేనే బాధ్యుణ్ణి, నా తరపున ఒక కమిటీ లెక్కవేయడం లేదు. ఓడినా ఎందుకు ఓడానో నాకు తెలుసు. ఆ తెలియడం చిన్న విషయం కాదు.

మలక్‌పేటవాసి

నాకు పడవలు తెలియవు, గుర్రాలు తెలుసు. మలక్‌పేట రేస్‌కోర్సులో హ్యాండికాప్ పందేలు మా నాన్నగారి కాలం నుంచి చూస్తున్నాను. గెలిచిన గుర్రానికి రేటింగు పెంచుతారు, తర్వాతి హ్యాండికాప్ పందెంలో అది ఎక్కువ బరువు మోయాలి. గుర్రం గెలిచిందా, జాకీ గెలిపించాడా, శిక్షకుడి మహిమా అని ఎవరూ విడదీయరు. అన్ని గుర్రాలూ గీత దగ్గరికి ఒకేసారి రావాలన్నదే ఉద్దేశం. అక్కడ గెలిచినందుకు బరువు వేశారని ఏడ్చిన యజమానిని నేను చూడలేదు, ఎందుకంటే ఆట నియమమే అది. మరి మీ కమిటీ చేసింది కూడా అదే కదా, తప్పేమిటి?

పాతచుక్కాని

మలక్‌పేటవాసి గారు తెలియదంటూనే అసలు ముడి పట్టుకున్నారు. అటువంటి హ్యాండికాప్ పడవల్లోనూ ఉంది. కొన్ని క్లబ్బులు సరదా పందేలకు మనిషిని బట్టి, లేదా పడవ, మనుషులు కలిపిన జట్టును బట్టి అంకె వేస్తాయి. గెలిస్తే అంకె బిగుస్తుంది, ఓడితే సడలుతుంది. ఏడాది చివరికి అందరూ ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తారు. అందులో అన్యాయం ఏమీ లేదు, గోల్ఫ్ ఆడేవారు చేసేది కూడా అదే.

చిక్కు ఎక్కడంటే, ఒక రకం న్యాయాన్ని ప్రకటించి మరో రకం న్యాయాన్ని అమలు చేయడంలో. సరస్సుగాలి గారి క్లబ్బు "పడవకే రేటింగు" అనే పద్ధతిని ఎంచుకుంది. ఆ మాట నమ్మి యజమాని తెరచాపల మీద డబ్బు పోశాడు, వీరు ఆదివారాలు పోశారు. తర్వాత గుర్రాల లెక్క ప్రకారం బరువు వేశారు. గుర్రాల లెక్కే కావాలనుకుంటే సీజను మొదట్లోనే అలా చెప్పి ఉండాలి.

దక్షిణగాలి

సిడ్నీ నుంచి రాస్తున్నాను. ఇక్కడ నుంచి టాస్మేనియాలోని హోబార్ట్ దాకా ఏటా డిసెంబరు 26న పందెం మొదలవుతుంది, దూరం 628 నాటికల్ మైళ్లు. మొదట గీత దాటిన పడవకు పత్రికల్లో ఫొటో వస్తుంది, కానీ అసలు బహుమతి అయిన టాటర్సాల్ కప్పు ఐఆర్‌సీ లెక్కలో గెలిచినవారికే. ఎవరు గెలుస్తారన్నది ఎక్కువగా వాతావరణం చేతిలో ఉంటుంది. 1998లో తుఫాను వచ్చి 115 పడవల్లో 44 మాత్రమే ముగించగలిగాయి, ఆరుగురు నావికులు చనిపోయారు. ఆ ఏడాది అప్పటి రేటింగు లెక్కలో గెలిచింది 35 అడుగుల మిడ్‌నైట్ ర్యాంబ్లర్. 2012లో వంద అడుగుల వైల్డ్ ఓట్స్ 11 అందరికంటే ముందు చేరి, రికార్డు బద్దలుకొట్టి, లెక్కలో కూడా గెలిచింది. రేటింగు సూత్రం చిన్న పడవల పక్షమా, పెద్ద పడవల పక్షమా? ఈ రెండు సంవత్సరాలు పక్కపక్కన పెడితే చెప్పడం కష్టం.

పెద్ద పడవకు రెండు రోజుల్లోపు పని అయిపోతుంది, చిన్నదానికి నాలుగు రోజులు పట్టవచ్చు. అంటే అవి ఒకే సముద్రంలో ఉన్నా ఒకే గాలిలో ఉండవు. పైగా చివర, హోబార్ట్ ముందు, డెర్వెంట్ నదిలో రాత్రిపూట గాలి చచ్చిపోతుంది. సాయంత్రం అయిదింటికి నది నోట్లోకి వచ్చిన పడవ ముగిస్తుంది, రాత్రి పదకొండింటికి వచ్చినది రేవు దీపాలు లెక్కపెడుతూ తెల్లవార్లూ కూర్చుంటుంది. ఆ ఆరుగంటలకు ఏ గుణకమూ జవాబు చెప్పదు. అయినా ఏటా వందకు అటూ ఇటూగా పడవలు వస్తున్నాయి. బుధవారం పందెంలో రెండు గంటలు అందరూ ఒకే గాలి పీల్చే మీరు, ఆ మేరకు అదృష్టవంతులు.

సోలెంట్‌వాసి

ఫాస్ట్‌నెట్‌లోనూ అంతే. 2013లో మొత్తం లెక్కలో గెలిచింది పది మీటర్ల పడవ, అందులో ఉన్నది తండ్రీకొడుకులు ఇద్దరే. 2019లో గెలిచింది 70 అడుగుల విజార్డ్, దానిలో పెద్ద జట్టు. రెండూ ఐఆర్‌సీ లెక్కలే.

ఒక పిట్టకథ చెప్పి తప్పుకుంటాను. 1851 ఆగస్టు 22న వైట్ ద్వీపం చుట్టూ జరిగిన పందెంలో గెలిచి, ఇప్పటి అమెరికాస్ కప్‌కు పేరిచ్చిన "అమెరికా" 170 టన్నుల పడవ. రెండో స్థానంలో వచ్చిన "అరోరా" 47 టన్నులది. ఆ రోజు పరిమాణాన్ని బట్టి సమయం రాయితీ ఇవ్వకూడదని నియమం పెట్టుకున్నారు. రాయితీ ఇచ్చి ఉంటే ఏమయ్యేదని మా క్లబ్బు బల్ల దగ్గర ఇప్పటికీ వాదించుకునే ముసలివారు ఉన్నారు.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. సరస్సుగాలి గారూ, మీ క్లబ్బు పేరు గానీ కమిటీ సభ్యుల పేర్లు గానీ ఇక్కడ రాయవద్దని మనవి.

సరస్సుగాలి

రాయనండీ. ఇప్పటిదాకా జరిగినది చెబుతాను.

లెక్కలమాస్టారు అన్నట్టు నేను గెలిచిన మూడు పందేలనూ సమయం పద్ధతిలో మళ్లీ వేశాను. పాత 132తోనే వేసినా మూడింటిలో ఒకటి మా చేతి నుంచి జారిపోయింది. ఇది మా యజమానికి చూపించినప్పుడు ఆయన మొహం చూడవలసింది. అయినా కాగితం దాచకుండా కమిటీకి ఇచ్చాం. దానితో పాటు ఇతర ప్రాంతాల్లో మా రకం పడవలకు ఉన్న రేటింగులు సేకరించి ఇచ్చాం. అవి 129కీ 135కీ మధ్య ఉన్నాయి. పాతచుక్కాని గారు చెప్పిన ప్రశ్న కూడా మర్యాదగానే అడిగాం: మా అంకె గురించి ఓటు వేసేటప్పుడు ఆ పెద్ద పడవ యజమాని గదిలో ఉన్నారా? ఉన్నారట. నియమం ఏదీ లేదు కనుక ఉన్నారట.

నిన్న రాత్రి జవాబు వచ్చింది. ఆయన ఈసారి తనంతట తానే బయట కూర్చున్నారు. మా రేటింగును 129 చేశారు. వచ్చే ఏడాది నుంచి సమయం పద్ధతికి మారాలన్న ప్రతిపాదనను సభ్యుల సమావేశం ముందు పెడతామన్నారు. పాత ఫలితాలు మాత్రం తిరగరాయరు.

ఉండబట్టలేక 129తో ఆ ఓడిన పందెం లెక్క వేశాను. 36 సెకన్లు కలిసివస్తాయి. 41లోంచి 36 పోతే, అప్పటికీ అయిదు సెకన్లతో ఓడేవాళ్లం.

పాతచుక్కాని

ఆ రోజు స్పినేకర్ ఎత్తింది ఎవరు?

సరస్సుగాలి

నేనే. రెండో బోయా దగ్గర ముడిపడింది. విప్పడానికి అర నిమిషం పట్టింది.